శవం లేచినంక కాదు, సీటొచ్చిన్నాడే పోవాలె

2023 ఫిబ్రవరి 12న బొంబాయి ఐఐటీలో దర్శన్ సోలంకి చనిపోయిండు. అహ్మదాబాదు దళిత కుటుంబం పిలగాడు. బీటెక్ మొదటి సంవత్సరం. కాలేజీ గేటు తొక్కి నాలుగు నెలలు కూడ నిండలేదు. సరిగ్గా పది రోజులకు, ఫిబ్రవరి 22న, మన వరంగల్ ఎంజీఎం దవాఖానలో డాక్టర్ ప్రీతి స్పృహ లేకుండ పడి ఉన్నది. లంబాడా బిడ్డ. కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ మొదటి సంవత్సరం. 26న హైదరాబాదు నిమ్స్‌లో కన్నుమూసింది. ఇద్దరూ ఫస్టియరే.

బొంబాయిలో సంస్థ వేసిన కమిటీ మార్కులు తగ్గడం కారణం కావచ్చునన్నది, కులవివక్షకు నేరుగా సాక్ష్యం లేదన్నది. వరంగల్‌లో ఒక సీనియర్‌ను ర్యాగింగ్ చట్టం కింద, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద అరెస్టు చేసిండ్రు. ఎవరి తప్పు ఎంతో తేల్చేది కోర్టు. మేము ఆ పంచాయితీలోకి పోవడం లేదు. మా పంచాయితీ ఒక మాటతోటి. రెండు చోట్లా పెద్దమనుషులు, ప్రొఫెసర్లు, టీవీల్లో కూచున్నోళ్లు అందరూ ఒకే మాట వాడిండ్రు. ఒత్తిడి. నేటి పిల్లలు ఒత్తిడి తట్టుకోలేకపోతున్నరట.

ఒత్తిడి అంటే ఎవరో ఒకరు ఒత్తితేనే కదా పుట్టేది? ఒత్తే చెయ్యి పేరు చెప్పకుండ, ఒత్తించుకునే మెడనే పట్టుకొని "నీ మెడ బలంగ లేదు" అనడం ఏం న్యాయం?

కొత్త జాగల చదువు అందరికీ కష్టమే, కాదనం. రెడ్డి పిలగాడు కూడ హాస్టల్లో మొదటి రాత్రి అవ్వను యాది చేసుకొని ఏడుస్తడు. కాని వాని పెదనాయిన కొడుకు అదే కాలేజీల ముందే చదివి పోయిండు. మిడ్ ఎగ్జామ్ అంటే ఏంది, క్రెడిట్ అంటే ఏంది, బ్యాక్‌లాగ్ పడితే ఏమైతది, ఏ సారును ఎట్ల కలవాలె, ఇవన్నీ వానికి ఇంట్ల అన్నం తినుకుంట తెలిసినయి. మన పిలగానికి ఏడు తరాల్ల చెప్పినోడు లేడు. వరంగల్ చదువుల ఊరని గొప్పగ చెప్పుకుంటం. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఆర్ఈసీ, అదే 2002 నుంచి ఎన్ఐటీ. అదే 1959లో మొదలైన మెడికల్ కాలేజీ. 1967లో ఉస్మానియా పీజీ సెంటరుగ మొదలై 1976లో యూనివర్సిటీ అయిన కాకతీయ. ములుగు, భూపాలపల్లి, మానుకోట, జనగామ దిక్కు వాడల నుంచి, తండాల నుంచి, గూడేల నుంచి సద్ది మూట కట్టుకొని ఈ గేట్ల లోపలికి పోయే పిలగానికి గేటు లోపల ఒక్క మొఖం తెలిసింది ఉండదు.

లోపలికి పోంగనే మొదటి ప్రశ్న ఎదురైతది. ఊర్లె అయితే "ఎవలోల్ల పిలగానివిరా?" అని అడుగుతరు. కాలేజీల "నీ ర్యాంకెంత?" అంటరు. ప్రశ్న అదే, అంగీ మార్చుకున్నది. నంబరు చెప్పంగనే అవతలోని కండ్లల్ల చూపు మారుతది. చెప్పకుంటే "దాస్తున్నడంటే అదే" అని తెలిసిపోతది. ఎటు తిరిగినా దొరుకుతడు. ఇది మా ఊహ కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష మీద కేంద్ర ప్రభుత్వం 2006లో సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2007లో రిపోర్టు వచ్చింది. కులం అడగడం, ర్యాగింగ్‌ల తిట్లు, ఆటల కాడ, మెస్సు కాడ దూరం పెట్టడం, వేధింపులు పడలేక ఎస్సీ ఎస్టీ పిల్లలు హాస్టల్లో కొన్ని అంతస్తులకే పోయి ఒక్కతాన పోగుపడడం, అన్నీ అందులో ఉన్నయి. దేశంలోనే పెద్ద దవాఖానల, రేపు డాక్టర్లు కాబోయే పిల్లలు వెలివాడ కట్టుకోవాల్సి వచ్చింది!

ఆ చూపు ఒక్కసారి తగిలిన పిలగాడు క్లాసుల చెయ్యి ఎత్తడు. తెలిసిన జవాబు కూడ చెప్పడు. ఎందుకంటే రెడ్డి పిలగాడు తప్పు చెప్తే ఆ పిలగాడు తప్పు చెప్పినట్టు. మాదిగ పిలగాడు తప్పు చెప్తే రిజర్వేషన్ తప్పు చెప్పినట్టు. ఒక్క తప్పుకు జాతి మొత్తం జవాబుదారీ అని తెలిసినోడు నోరు ఎట్ల తెరుస్తడు? 2015లో రూర్కీ ఐఐటీ మార్కులు తక్కువొచ్చినయని 70 మందికి పైగా ఫస్టియర్ పిల్లలను తీసేసింది. వాళ్లల్ల ఎక్కువమంది రిజర్వేషన్ల మీద వచ్చినోళ్లే. పెద్ద గొడవైనంక ఇంకొక అవకాశం ఇచ్చిండ్రు. గొడవ కాకముందు ఆ అవకాశం ఎందుకు కనపడలేదని ఎవరూ అడగలేదు.

ఇంగ్లీషు సంగతి. మేము బడిల పాఠం చెప్పేటోళ్లం కాబట్టి ఇది కొంచెం విడమరిచి చెప్తం. తెలుగు మీడియంల చదివిన పిలగానికి త్వరణం తెలుసు, ద్రవ్యవేగం తెలుసు, అవకలనం, సమాకలనం లెక్కలు చకచక చేస్తడు. ఇంజనీరింగ్ క్లాసుల సారు "మొమెంటమ్" అంటడు. పిలగాడు రాసుకుంటడు. ఇదేదో కొత్త సంగతి, మనకు రానిది, మిగిలినోళ్లందరికీ వచ్చినది అనుకుంటడు. అది తనకు తొమ్మిదో తరగతి నుంచి వచ్చిన ద్రవ్యవేగమే అని ఎవరూ చెప్పరు. చెప్పేందుకు ఒక నిమిషం పడుతది. ఆ ఒక్క నిమిషం ఖర్చు పెట్టేటోడు లేక ఒక పిలగాడు నెల రోజుల్ల తను మొద్దు అని నమ్ముతడు. ఒక్కసారి నమ్మినంక వానికి నిజంగనే ఏమీ ఎక్కదు. తెలంగాణల సర్కారు బడుల్ల 2022 నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టిండ్రు, గురుకులాలు అంతకుముందే పెట్టినయి. పుస్తకం మారింది, మంచిదే. కాని పుస్తకంల ఇంగ్లీషు వేరు, క్యాంటీన్‌ల నవ్వుకుంట మాట్లాడే ఇంగ్లీషు వేరు. రెండోది బడిల దొరకదు, ఇండ్లల్ల దొరుకుతది. మన ఇండ్లల్ల ఎక్కడిది?

పైసల సంగతి అందరికీ తెలిసిందే, రెండు మాటలు చాలు. స్కాలర్‌షిప్ వస్తది, కాని పంట ఎండినంక వాన వచ్చినట్టు వస్తది. 2025 నవంబరులో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇయ్యలేదని తెలంగాణల ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. సర్కారుకూ యాజమాన్యానికీ నడుమ కొట్లాట. నలిగేది ఎవరు? సర్టిఫికెట్ అడగపోతే "మీ ఫీజు రాలేదు" అని నలుగురిల అనిపించుకునేది ఎవరు? 2024లో ఉత్తరప్రదేశ్ దళిత కూలీ కొడుకు ఒకడు ధన్‌బాద్ ఐఐటీ సీటు కట్టడానికి 17,500 రూపాయలు ఊరంతా కూడబెట్టి తెచ్చేసరికి టైము దాటింది, సీటు పోయింది. సుప్రీంకోర్టు దాకా పోతే సెప్టెంబరు 30న సీటు ఇయ్యమన్నది. ఆ పిలగాడు కోర్టు దాకా పోగలిగిండు. మెస్ బిల్లు కట్టలేక సాయంత్రం "ఆకలి లేదు" అని రూముల పండుకునేటోని గురించి ఏ కోర్టుకు తెలుస్తది?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పైనోళ్లు పెట్టే బరువులు. మనం పెట్టేది ఒకటున్నది. దాని గురించి మన సంఘాలల్ల ఎవరూ మాట్లాడరు.

వాడల ఒక పిలగానికి సీటొస్తది. ఆ పొద్దు పండుగే. డప్పు కొడుతం. అంబేద్కర్ విగ్రహం పక్కన ఫ్లెక్సీ కడుతం. శాలువా కప్పుతం. సర్పంచు నుంచి సంఘం నాయకుని దాకా వరుసగ మైకు పట్టుకొని "నువ్వు మన జాతి పేరు నిలబెట్టాలె కొడుకా" అంటరు. తప్పేమున్నది, సంతోషమే కదా అంటరా? సంతోషమే. కాని ఆ పిలగాడు డిసెంబర్ల నాలుగు సబ్జెక్టులు పోయి రూముల కూచున్నప్పుడు వానికి యాదికొచ్చేది ఆ ఫ్లెక్సీయే. ఏ మొఖం పెట్టుకొని ఊరికి పోవాలె? బస్సు దిగంగనే తన ఫోటో తననే చూస్తున్నది. అందుకే ఇంటికి ఫోన్ చేసినప్పుడు "మంచిగున్న నాయినా" అంటడు. నాయిన ఏనుమాముల మార్కెట్ల బస్తాలు మోసి వచ్చి మాట్లాడుతున్నడు. అవ్వ పత్తి ఏరి వచ్చి నడుము పట్టుకొని మాట్లాడుతున్నది. వాళ్లకు తన గోస ఎట్ల చెప్తడు? "పైసలు సరిపోతున్నయా?" "సరిపోతున్నయి." "సదువు అర్థమైతున్నదా?" "అయితున్నది." రెండు నిమిషాల్ల ఫోన్ అయిపోతది. రెండు దిక్కులా ప్రేమనే, రెండు దిక్కులా అబద్ధమే.

ఆడపిల్లలది ఇంకొక మెట్టు కింద. పిలగాడు చెప్తే నాయిన బాధపడతడు. పిల్ల చెప్తే "ఎందుకొచ్చిన సదువు, ఇంటికి రా" అంటడు. వచ్చినంక ఏముంటది? సంబంధాలు చూసుడే. కాబట్టి హాస్టల్ల ఎవడు ఏమన్నా, లాబుల ఏం జరిగినా, నోరు మూసుకొని భరించడమే చదువు నిలబెట్టుకునే ఉపాయమని ఆ పిల్లకు అర్థమైతది. అందుకే మేము చూసినంతల ఆడపిల్లలు ఫిర్యాదు చేసిండ్రంటే అది మొదటి దెబ్బకు కాదు, ఇరవయ్యో దెబ్బకు.

మరి మన పిల్లలు ఎట్ల తట్టుకుంటున్నరు? కొందరు క్లాసుకు పోవుడు బందు పెడతరు. కొందరు పగలంత పండుకుంటరు, రాత్రంత మేలుకుంటరు. కొందరు ఇంటి పేరు మింగి, కులం దాచి, "మేము బీసీలం" అని చెప్పుకొని, ఎప్పుడు బయటపడుతదో అని ఇంకొక భయం కొని తెచ్చుకుంటరు. కొందరు సీసా పడతరు. శనివారం రాంగనే పల్లెవెలుగు బస్సు ఎక్కేటోళ్లు కొందరు. వాళ్లను చూసి నవ్వుతరు గాని, మా లెక్కల వాళ్లే నయం. వాళ్లకు పోయి తల పెట్టుకునే జాగ ఒకటి ఉన్నది. దసరా సెలవులకు వచ్చిన పిల్లలను పెద్దలు జర కనిపెట్టాలె. బతుకమ్మ కాడ, జమ్మి చెట్టు కాడ అందరితోటి కలుస్తున్నడా, ఇంట్లనే మూలకు ఉన్నడా? సెలవులు ఒడిసినంక సంచి సదురుతున్నడా? దీపావళి దాటినా "ఇంక క్లాసులు మొదలు కాలేదు" అంటున్నడంటే, క్లాసులు మొదలైనయి, పిలగాడే ఆగిపోయిండు.

కాలేజీలోళ్లు ఏం చేస్తున్నరు? మొదటి వారాల్ల ధ్యానం, యోగా, వ్యక్తిత్వ వికాసం క్లాసులు పెడుతున్నరు. యోగా చేస్తే నడుముకు మంచిదే. ర్యాంకు అడిగేటోని నోటికి ఏ ఆసనం ఉన్నదో మాత్రం చెప్పరు.

ఇక్కడ మన మిత్రులతోటి కూడ ఒక పేచీ ఉన్నది. "కౌన్సెలింగ్ అంతా మోసం, కులసమస్యను మానసిక సమస్యగ మార్చే కుట్ర" అని మనోళ్లు కొందరు మీటింగుల్ల గట్టిగ మాట్లాడుతున్నరు. సగం నిజమే. కాని మిగిలిన సగం ప్రాణం తీస్తది. కొట్టినోడు దోషి అన్నంత మాత్రాన విరిగిన చెయ్యికి కట్టు కట్టించుకోమా? కులం కొట్టిన దెబ్బ మనసుకు తగులుతది, మనసు నిజంగనే జబ్బు పడుతది. రెండు వారాలు నిద్ర పట్టక, బువ్వ సయించక, "నేను లేకున్నా ఎవరికీ ఏంగాదు" అనే మాట పిలగాని నోట వచ్చిందంటే ఉపన్యాసం పనికిరాదు, డాక్టరు కావాలె. అప్పుడు వాన్ని ఒంటరిగ విడిచిపెట్టొద్దు. ఎంజీఎంలనే మానసిక వైద్యుల విభాగం ఉన్నది. 14416 అని కేంద్ర ప్రభుత్వం 2022ల మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబరు ఉన్నది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. గాలి సోకిందని, ఎవరో చేసిండ్రని భూతవైద్యుని కాడికి తోలుకపోయి నెల రోజులు పోగొట్టొద్దు. మందులు మింగితే పిచ్చోడని పేరొస్తదని దాచొద్దు. బీపీ గోలీ మింగేటోన్ని ఎవరన్న ఎక్కిరిస్తున్నరా?

2025 జూలైల సుప్రీంకోర్టు, విశాఖపట్నంల ఒక విద్యార్థిని మృతి కేసు తీర్పుల, వంద మంది గాని అంతకు మించి గాని పిల్లలున్న ప్రతి విద్యాసంస్థల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మంచిదే. కాని మేము అడిగేది, ఆ కౌన్సెలర్ ఎవరు? తెలుగు వచ్చా? హాస్టల్ పురుగుల బువ్వ తెలుసా? పిల్ల పోయి "సార్, నన్ను ర్యాంకు అడిగి నవ్విండ్రు" అంటే "అవన్నీ పట్టించుకోవద్దమ్మా, పాజిటివ్‌గ ఆలోచించు" అనే బాపతయితే, ఆ పిల్ల రెండోసారి ఏ తలుపూ తట్టదు. అదివరకే యూజీసీ 2012ల నియమాలు పెట్టింది, సమాన అవకాశాల సెల్ ఉండాలె, వివక్ష ఫిర్యాదులు వినే అధికారి ఉండాలె అని. ఉమ్మడి రాష్ట్రంల ర్యాగింగ్ నిషేధ చట్టం 1997ల వచ్చింది. కాయితాలకు మనకు ఎన్నడూ కరువు లేదు. కాలేజీకి పోయి "కమిటీ ఉన్నదా?" అని అడిగితే "ఉన్నది" అంటరు. అడగాల్సిన ప్రశ్న అది కాదు. "చివరిసారి ఎప్పుడు కూచున్నది? అందుల మావోళ్లు ఎవరున్నరు?" అని అడగాలె. అప్పుడు చూడుండ్రి వాళ్ల మొఖాలు.

బాబాసాహెబ్ 1913 జూలైల న్యూయార్కుకు పోయినప్పుడు ఆయన వయసు 22 ఏండ్లు. కొలంబియా యూనివర్సిటీ. మొదట దిగిన హాస్టల్లో తిండి పడలేదు. వారం రోజులకే జాగ మారిండు. తర్వాత నావల్ భథేనా అనే పార్శీ విద్యార్థితోటి కలిసి ఒక్కతాన ఉన్నడు. ఆ దోస్తానా జీవితాంతం నిలిచింది. పైసలు లేక గోసపడ్డ రోజుల్ల ఆదుకున్నోడు కూడ ఆయనే. మనం బాబాసాహెబ్ పుస్తకాల గురించి, డిగ్రీల గురించి చెప్తం. పక్క రూముల భథేనా గురించి చెప్పం. అంతటి మనిషికి కూడ పరాయి ఊర్ల ఒక దోస్తు కావలసి వచ్చిందని మన పిలగానికి తెలిస్తే, తనకు దోస్తు కావాలె అనడానికి సిగ్గుపడడు. అదే బాబాసాహెబ్ 1917ల బరోడాకు పెద్ద కొలువు మీద వచ్చి, ఉండడానికి ఇల్లు దొరకక ఒక చెట్టు కింద కూచొని ఏడ్చిండు. ఏడ్చినోడు బలహీనుడైతే మనకు రాజ్యాంగం ఎక్కడిది?

హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీల అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993ల పుట్టింది ఇట్లాంటి అవసరం నుంచే. 2016 జనవరిల రోహిత్ వేముల, ఆయన నలుగురు మిత్రులు హాస్టల్ నుంచి వెలివేయబడి బయట గుడారం వేసుకొని, దానికి వెలివాడ అని పేరు పెట్టిండ్రు. 17న రోహిత్ పోయిండు. ఆ తర్వాత దేశం కదిలింది. వరంగల్‌ల, ఢిల్లీల, ఎక్కడెక్కడనో ఊరేగింపులు తీసిండ్రు. ప్రీతి పోయినప్పుడూ అంతే, ఎంజీఎం ముందర ధర్నాలు, నల్లజెండాలు. చేయాల్సిందే. చేయకుంటే కేసు కూడ పెట్టరు. కాని మన సంఘాల పద్ధతి ఇట్ల అయింది, బతికున్న ఫస్టియర్ పిలగాని రూము నంబరు ఒక్క నాయకునికీ తెలవదు, చనిపోయిన పిలగాని పుట్టినరోజు అందరికీ తెలుసు. పోస్టర్ మీద ఫోటో ఉన్నన్ని రోజులు వాడు మనోడు. మెస్సుల ఒంటరిగ కూచొని తింటున్నప్పుడు ఎవరోడు?

కాబట్టి పోవాల్సింది జూలై ఆగస్టుల, సీట్ల లిస్టులు పడ్డప్పుడు. మండలానికి ఒక నోటుబుక్కు చాలు. ఎవరి పిల్లకు ఎక్కడ సీటొచ్చింది, ఏ రోజు చేరుతున్నది, ఆ కాలేజీల మన సీనియర్లు ఎవరున్నరు. కాజీపేట స్టేషన్‌ల, హన్మకొండ బస్టాండ్‌ల దిగినప్పుడు "రా తమ్మీ" అని సంచి అందుకునే చెయ్యి ఒకటి ఉండాలె. ఆ సీనియర్ ఉపన్యాసం చెప్పొద్దు. తనకు మొదటి సెమిస్టర్ల ఎన్ని సబ్జెక్టులు పోయినయో చెప్పాలె, ఎట్ల కట్టుకున్నడో చెప్పాలె. ఆదివారం పూట నలుగురిని కూచోబెట్టి తెలుగు మాటకు ఇంగ్లీషు మాట పక్కన రాపియ్యాలె, ద్రవ్యవేగం, మొమెంటమ్. ఊర్ల మాదిరిగ కాలేజీల కూడ మాల మాదిగ పంచాయితీ పెట్టుకొని రెండు గుంపులైతే పైనోడు నవ్వుతడు. మన రాజకీయాలు ఏమున్నా ఫస్టియర్ పిలగాని ముందర పెట్టొద్దు. లంబాడా పిల్లలను, కోయ పిల్లలను కూడ కలుపుకోవాలె, వాళ్లకు మనకంటె తక్కువ మంది సీనియర్లున్నరు. వాడ నుంచి ఒక బియ్యం సంచి, మెస్సు బాకీకి కొంత చందా. ఫ్లెక్సీ పైసలు మిగిలితే అందుకే సరిపోతయి.

ఉద్యోగాలొచ్చి హన్మకొండల ఇండ్లు కట్టుకున్న మన ఎంప్లాయీస్‌కు ఒక మాట. ఏప్రిల్ 14న దండ వెయ్యడానికి వస్తున్నరు, సంతోషం. నెలకు ఒక ఆదివారం ఇద్దరు ఫస్టియర్ పిల్లలను ఇంటికి పిలిచి కడుపునిండ బువ్వ పెడితే మీ ఆస్తి కరగదు. మీ పిల్లలకు కూడ ఊరి సంగతులు తెలుస్తయి.

మొదటి నెలల్నే అవ్వనూ నాయిననూ ఒకసారి హాస్టల్ చూపించాలె. పిల్ల ఉండే రూము, పిల్ల తినే మెస్సు వాళ్ల కండ్లతోటి చూస్తే, ఫోన్ల ఏం అడగాలెనో వాళ్లకు తెలుస్తది. "మార్కులెన్ని?" అనుడు మాని "పక్క మంచం పిల్ల మాట్లాడుతున్నదా?" అని అడుగుతరు. ముఖ్యంగ అవ్వను తోలుకపోవాలె. కైకిలి పోతదని నాయిన గునుగుతడు గాని, బస్సు కిరాయి సాకు మాత్రం చెల్లదు. 2023 డిసెంబరు నుంచి ఆడోళ్లకు ఆర్టీసీ బస్సుల టిక్కెట్టు లేదాయె.